పెనుగంచిప్రోలు బిడ్డ – ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

 

ఈ నెల మన గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. నా అక్షరాలు అంత గుండ్రంగా ఉండవు. తప్పులుంటే మన్నించండి, కానీ చివరి దాకా చదవండి. చివర్లో మా బా అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. బా అంటే మా తండా మాటలో నాన్న.

ఈ పాఠం ఎందుకు రాశానంటే

ఒకరోజు సోషల్ మేడంగారు అమెరికా గురించి చెప్తూ జోసెఫ్ హాప్కిన్సన్ అనే ఆయన సంగతి చెప్పారు. ఆయన 1770లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. ఆయన తండ్రి ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఒకరు. జోసెఫ్ గారు వకీలు. 1798లో నాటకాలు ఆడే స్నేహితుడు ఒకడు వచ్చి, నా నాటకానికి జనం వచ్చేట్టు లేరు, ఒక దేశభక్తి పాట రాసిపెట్టు అని అడిగాడు. అప్పటికే జనానికి తెలిసిన ఒక కవాతు బాణీకి ఆయన మాటలు కట్టి ఇచ్చారు. ఆ పాట పేరు హెయిల్ కొలంబియా. అది ఎంత పేరు తెచ్చుకున్నదంటే, 1931లో వేరే పాటను జాతీయగీతం చేసేదాకా దాన్నే జాతీయగీతంలాగా చాలా చోట్ల పాడుకున్నారు. ఆ రెండో పాట రాసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ గారు కూడా వకీలే. హాప్కిన్సన్ గారు తర్వాత అమెరికా పార్లమెంటులో సభ్యుడిగా, ఆ తర్వాత జడ్జిగా పనిచేసి 1842లో చనిపోయారు.

అప్పుడు నేను లేచి, "మేడం, మన వైపు ఇట్లాంటి వాళ్ళు లేరా?" అని అడిగాను. మేడంగారు నవ్వి, "నందిగామ నీకు ఎంత దూరం? వెతుక్కుని నువ్వే రాయి" అన్నారు. లైబ్రరీ బీరువాలో వెతికితే ఒకరు కాదు, ఇద్దరు దొరికారు. వకీలు, రాజకీయ నాయకుడు ఒకరు. పాట, మాట, ఉద్యమం తెలిసినవారు ఇంకొకరు. ఇద్దరూ మన వైపు వారే.

నందిగామ వకీలు గారు

ముందు వకీలు గారి సంగతి చిన్నగా చెప్తాను. ఆయన పేరు అయ్యదేవర కాళేశ్వరరావు. నందిగామలో పుట్టారు. విజయవాడలో వకీలుగా పనిచేశారు. స్వాతంత్ర్య పోరాటంలోకి దిగి జైలుకు వెళ్ళారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మన శాసనసభకు మొట్టమొదటి స్పీకరు ఆయనే. 1962లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు. విజయవాడలో కాళేశ్వరరావు మార్కెట్ అని ఉంది గదా, మా యాడి (అంటే అమ్మ) దాన్ని కూరగాయల మార్కెట్ అనే అనుకునేది. అది ఒక మనిషి పేరు అని నేను చెప్తే ఆశ్చర్యపోయింది.

ఇక అసలు పాఠం రెండో ఆయన గురించి.

పుట్టుక, బాల్యం

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న పెనుగంచిప్రోలులో జన్మించారు. అప్పుడు అది కృష్ణా జిల్లా నందిగామ తాలూకా. 2022 నుండి మన నందిగామ, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు అన్నీ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చినవి. పెనుగంచిప్రోలు అంటే మన అందరికీ తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళే గుర్తుకొస్తుంది. మా తండా వాళ్ళం ట్రాక్టరు ఎక్కి పోతాం, మున్నేట్లో స్నానం చేసి గుడికి పోతాం. అన్నిసార్లు పోయినా ఆ ఊళ్ళో ఇంత గొప్పవారు పుట్టారని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన పుట్టిన కొద్ది రోజులకే తల్లి చనిపోయింది. తండ్రి బడిపంతులు. ఆయన కూడా పిల్లవాడికి మూడేళ్ళప్పుడే చనిపోయారు. నాయనమ్మ, బాబాయి పెంచారు. కూచినపూడిలో, గుంటూరులో చదువుకున్నారు. చిన్నప్పటి నుండి పాటలంటే, నాటకాలంటే ప్రాణం. గొంతు బాగుండేది. అప్పటికప్పుడు పద్యం కట్టి చెప్పేవారు.

ఇక్కడ ఒక మాట. మనలో అమ్మ లేనివాళ్ళు ఉన్నారు, నాన్న లేనివాళ్ళు ఉన్నారు. సెలవులకు ఎవరూ తీసుకుపోవటానికి రాకపోతే ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చేవాళ్ళు ఎవరో నాకు తెలుసు. వాళ్ళ కోసమే ఈ భాగం రాశాను.

సముద్రాలు దాటి చదువు

బాపట్ల తాలూకా ఆఫీసులో కొన్నాళ్ళు గుమాస్తా పని చేసినా, అది ఆయనకు నచ్చలేదు. 1911లో స్నేహితుని సాయంతో ఓడ ఎక్కి స్కాట్లండ్ దేశం వెళ్ళి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చదివారు. అక్కడి రోజుల్లోనే ఆనంద కుమారస్వామి గారితో పరిచయం అయింది. ఆయన సింహళంలో పుట్టిన పెద్ద కళా పండితుడు. ఇద్దరూ కలిసి నందికేశ్వరుడు సంస్కృతంలో రాసిన అభినయ దర్పణం అనే నాట్యశాస్త్రాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. నాట్యంలో చెయ్యి ఎట్లా తిప్పాలి, కన్ను ఎట్లా చూడాలి, మెడ ఎట్లా కదపాలి అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం వారు అచ్చు వేశారు. హాప్కిన్సన్ పాట అమెరికాలో పుట్టింది, పెనుగంచిప్రోలు మనిషి పుస్తకం అమెరికాలో అచ్చయింది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

తిరిగి వచ్చాక రాజమండ్రిలోను, బందరు జాతీయ కళాశాలలోను అధ్యాపకుడిగా పనిచేశారు. కానీ ఒకరి కింద ఉద్యోగం ఆయనకు పడలేదు. చీరాల వచ్చి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థ పెట్టారు. మన కళలు, మన చదువు బతకాలని ఆయన ఆశ.

చీరాల – పేరాల కథ

చీరాల, పేరాల రెండూ పక్కపక్క ఊళ్ళు. అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. నేతపనివాళ్ళు, రైతులు, చిన్న వ్యాపారులు ఉండేవారు. రెండూ కలిపి జనం సుమారు 15,000. 1919లో మద్రాసు ప్రభుత్వం ఆ రెండు ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి సుమారు 4,000 రూపాయలు ఉన్న పన్ను సుమారు 40,000 రూపాయలు అయింది.

నేను దీన్ని లెక్క వేశాను. 4,000 రూపాయలను 15,000 మందికి పంచితే మనిషికి నాలుగు అణాల పైన వస్తుంది. 40,000 అయితే మనిషికి రెండు రూపాయల పది అణాల పైన. అయిదుగురు ఉన్న ఇంటికి ఒక రూపాయి అయిదు అణాలు కట్టేచోట పదమూడు రూపాయల అయిదు అణాలు. ఒకటికి పది రెట్లు. మగ్గం మీద రోజంతా కూర్చునే మనిషి ఎక్కడి నుండి తెస్తాడు?

జనం మాకు మునిసిపాలిటీ వద్దు అన్నారు. అర్జీలు పెట్టారు. ప్రభుత్వం వినలేదు. మునిసిపల్ సభ్యులు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం ఇచ్చి తన మనిషిని ఛైర్మనుగా పెట్టింది. పన్ను కట్టనివారిని జైలుకు పంపారు. అందులో ఒక ఆడమనిషి కూడా ఉంది.

ఈ జనానికి గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడ్డారు. ఆయన మీటింగు అంటే ఊరికే ఉపన్యాసం కాదట. మధ్యలో పద్యం వచ్చేది, పాట వచ్చేది, నవ్వించేవారు, ఏడిపించేవారు. అక్షరం రానివారికి కూడా సంగతి అర్థమయ్యేది. మన తీజ్ పండుగకు పెళ్ళికాని ఆడపిల్లలం తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ పాడతాం గదా. ఆ పాటలు మా యాడి ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా ఒక్క మాట మర్చిపోదు. పాటకు ఉన్న బలం అది. ఆ రోజుల్లోనే గరిమెళ్ళ సత్యనారాయణ గారిని ఒక పాట రాసినందుకు తెల్లవాళ్ళు జైల్లో పెట్టారు. పాటంటే దొరలకు కూడా భయమే!

రామదండు

గోపాలకృష్ణయ్య గారు రామభక్తులు. వెయ్యి మంది దాకా సేవకులను చేర్చి రామదండు అని పేరు పెట్టారు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు వారి గుర్తు. చేతిలో ఆయుధం లేదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సభలు జరిగినవి. పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది అప్పుడే. ఆ సభలకు వచ్చిన లెక్కలేని జనాన్ని తొక్కిసలాట కాకుండా చూసింది రామదండే.

ఆ తర్వాత 1921 ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, దెబ్బలు తిన్నా తిరిగి కొట్టకుండా పన్ను కట్టకపోవటం. రెండు, ఊరు వదిలి మునిసిపాలిటీ హద్దు దాటి పోవటం. మనుషులే లేకపోతే మునిసిపాలిటీ ఎవరి మీద పన్ను వేస్తుంది? అయితే కాంగ్రెసు నుండి డబ్బు సాయం ఆశించవద్దని, మీ బలం మీదనే చెయ్యాలని కూడా చెప్పారు.

జనం రెండో దారి పట్టారు. 15,000 మందిలో సుమారు 13,000 మంది ఊరు ఖాళీ చేసి హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ చోటుకు రామనగరం అని పేరు పెట్టుకున్నారు. తగువులు తీర్చుకోవటానికి కోర్టుకు పోకుండా వారే పంచాయితీ పెట్టుకున్నారు. ఎండాకాలం మొదలుపెట్టి వానలు, చలి అన్నీ పాకల్లోనే గడిపారు. పదకొండు నెలలు ఉన్నారు.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ పదకొండు నెలలు అనే మాటను పరీక్షకు బట్టీ పట్టి వదిలేయకండి. పాకలో ఉండటం అంటే ఏమిటో నాకు తెలుసు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ కృష్ణ దాటి మిరపకోతకు పోయాం. చేను గట్టు మీద పట్టా కప్పిన గుడిసె. రెండు నెలలు. రాత్రి మంచు కారేది. మిరపకాయ ఘాటుకు చేతులు మండి నిద్ర పట్టేది కాదు. మా తమ్ముడికి జ్వరం వస్తే రిక్షా దొరికే రోడ్డు దాకా బా భుజాన మోసుకుపోయాడు. మేము పోయింది కూలి కోసం. రెండు నెలలకే నాకు మా ఇంటి గడప కలలోకి వచ్చేది. చీరాల వాళ్ళు కూలి కోసం పోలేదు, పోతే డబ్బు వచ్చేది కాదు, పోయేది. నేతవాళ్ళకు గుంట మగ్గం ఉంటుంది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. మగ్గాన్ని విప్పి మోసుకుపోవచ్చు. గుంటను మోసుకుపోలేరు గదా! ముసలివాళ్ళు, బాలింతలు, చంటిపిల్లలు కూడా ఆ పదమూడు వేలలో ఉన్నారు. పదకొండు నెలలు అంటే అదీ.

జైలు

రామనగరం నడపటానికి డబ్బు కావాలి. విరాళాల కోసం గోపాలకృష్ణయ్య గారు ఊళ్ళు తిరిగారు. గంజాం జిల్లా బరంపురం వెళ్ళినప్పుడు, ఇక్కడ మాట్లాడరాదు అని అధికారి ఆజ్ఞ ఇచ్చాడు. ఆయన ఆగలేదు. అరెస్టు చేసి ఒక సంవత్సరం శిక్ష వేశారు. తిరుచిరాపల్లి జైలుకు పంపారు.

నాయకుడు జైల్లో, డబ్బు లేదు, పాకల్లో రోగాలు. అయినా కొన్ని నెలలు ఓర్చుకున్నారు. 1922లో జనం ఒక్కొక్కరే తిరిగి తమ ఇళ్ళకు వచ్చారు. మునిసిపాలిటీ పోలేదు. పన్ను కట్టక తప్పలేదు.

చివరి రోజులు

జైలు నుండి వచ్చాక 1923లో ఆయన అఖిల భారత కాంగ్రెసు కార్యదర్శులలో ఒకరైనారు. స్వరాజ్య పార్టీలో పనిచేశారు. జనం ఆయనను ఆంధ్రరత్న అని పిలిచారు. కానీ చేతిలో డబ్బు నిలిచేది కాదు. క్షయవ్యాధి వచ్చింది. 1928 జూన్ 10న చనిపోయారు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు నిండి ఎనిమిది రోజులు. మా బా వయసు కూడా లేదు. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ఆయన పేరు మీదనే ఉంది.

మా బా అడిగిన ప్రశ్న

కిందటి ఆదివారం మా బా నన్ను చూడటానికి వచ్చాడు. వేపచెట్టు కింద కూర్చుని నేను రాసింది అంతా చదివి వినిపించాను. బాకు చదువు రాదు, వేలిముద్ర. అంతా విని ఇట్లా అడిగాడు.

"బేటీ, వాళ్ళు మళ్ళీ వచ్చి పన్ను కట్టారు గదా?"

"కట్టారు బా."

"మరి పదకొండు నెలలు ఎందుకు కష్టపడినట్టు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. బా బీడీ తాగటానికి గేటు బయటకు పోయి వచ్చేదాకా ఆలోచించాను. వచ్చాక చెప్పాను. "బా, అంతకుముందు అధికారి కాగితం పంపితే వణికేవాళ్ళు. పదమూడు వేల మంది ఒక్క మాట మీద నడిస్తే అధికారికి ఏం చేయాలో తోచలేదు. అది వాళ్ళకు తెలిసింది, దేశానికి తెలిసింది. పన్ను పోలేదు గానీ భయం పోయింది. నూరేళ్ళు దాటింది, నేను ఇప్పుడు నీకు చదివి చెప్తున్నా గదా. ఓడిపోయినవాళ్ళ కథ అయితే ఎవరు రాసిపెడతారు?"

బా ఏమీ అనలేదు. కాసేపటికి అసలు సంగతి చెప్పాడు. వచ్చే జనవరిలో మిరపకోతకు చేతులు చాలవు, నువ్వు కూడా రెండు నెలలు రావాలి అన్నాడు. అడ్వాన్సు తీసుకున్నాడట. నేను నాలుగో తరగతిలో పోయిన రెండు నెలలకు బడిలో నా పేరు కొట్టేశారు, ఆ ఏడాది మళ్ళీ చదివాను. తొమ్మిదో తరగతిలో పోతే మళ్ళీ వస్తానా? మన క్లాసులో నిరుడు నలభై ఇద్దరం ఉన్నాం, ఇప్పుడు ముప్పై ఎనిమిది మందిమి. పోయినవాళ్ళలో ఇద్దరు కోతకు పోయి మళ్ళీ రాలేదు.

నేను బాను తప్పు పట్టను. మా బా మంచివాడు, అప్పు చెడ్డది. కానీ నేను రాను అని చెప్పాను. జీవితంలో మొదటిసారి బాకు రాను అని చెప్పాను. గొంతు వణికింది. బా నా తల మీద చెయ్యి పెట్టి, "జనవరి సంగతి జనవరిలో చూద్దాం" అని బస్సు ఎక్కాడు.

వార్డెన్ మేడంగారూ, ఈ సంగతి మీకు ఎదురుగా చెప్పటానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకే గోడ మీద రాశాను. ఈసారి మా బా వచ్చినప్పుడు మీరు ఒక మాట చెప్పండి. నా ఒక్కదాని కోసమే కాదు, ఇంకా ముగ్గురు ఉన్నారు. పేర్లు అడిగితే చెప్తాను.

మనం నేర్చుకోవలసినవి

1. అమ్మానాన్న లేకపోయినా, మొదట గుమాస్తాగా ఉన్నా, చదువు దూరం కాదు.
2. పాట కూడా పనిముట్టే. అక్షరం రానివారి దగ్గరకు సంగతిని చేర్చేది అదే.
3. ఒక్కరు వద్దంటే మొండితనం అంటారు. అందరూ కలిసి శాంతంగా వద్దంటే ఉద్యమం అంటారు.
4. గెలుపు వెంటనే కనిపించకపోవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

అభినయం = భావం కనపడేట్టు చేసే నటన
దర్పణం = అద్దం
దండు = సైన్యం, గుంపు
క్షయ = ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు, టీబీ
అణా = రూపాయిలో పదహారో వంతు

ప్రశ్నలు

1. దుగ్గిరాల వారు ఎప్పుడు, ఎక్కడ జన్మించారు?
2. గాంధీగారు చీరాల ప్రజలకు చెప్పిన రెండు దారులు ఏవి?
3. హాప్కిన్సన్ గారికి, మన ఇద్దరు నాయకులకు పోలికలు రాయండి.
4. మా బా ప్రశ్నకు మీరైతే ఏమి జవాబు చెప్తారు? (చీటీ మీద రాసి ఈ చార్టు కింద కట్టిన సంచిలో వేయండి. మంచి జవాబులు వచ్చే నెల పత్రికలో వేస్తాం.)

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, జగ్గయ్యపేట వైపు తండా